మిరపకాయ మెట్టు

గవ్వలదిబ్బ,
జూన్ 23, 2024.

దేవకుమారి వదినగారికి,

మీ మరదలు లిడియా వందనాలు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెవి మిషను పెట్టుకుంటున్నారా, డబ్బాలోనే దాచుకుంటున్నారా?

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇక్కడ ఫోను పలకాలంటే రేవు దాకా నడవాలి. అక్కడ నిలబడి నేను అరిస్తే ఉప్పుటేరు అవతలి ఒడ్డుకి వినపడుతుంది గాని మీకు మాత్రం వినపడదు. పోనీ మీ తమ్ముడి చేత చెప్పిద్దామంటే, ఫిలిప్ గారు అన్నింటికీ "ఆఁ, బానే ఉంది" అంటారు. ఒంగోలులో గ్రానైటు రాళ్ళ మధ్య ఉద్యోగం చేసీ చేసీ ఆయనకి వాటి భాషే పట్టుబడింది.

సంగతేమిటంటే, బదిలీల్లో నాకు మీరు పుట్టిన ఊరి బడే వచ్చింది. ఒక పక్క సముద్రం, మూడు పక్కలా ఉప్పుటేరు, పొద్దునొక పడవ, సాయంత్రం ఒక పడవ. ఈ దిబ్బ మీదికి ఏ టీచరూ రానంటారట. నేను వస్తానన్నాను. చీరాలలో గది తీసుకుని రోజూ ఏరు దాటే బదులు, నా పెళ్ళికి ముందే మామగారు పోయి తాళం పడిన, నేనింతవరకు చూడని మన ఇంట్లోనే ఉందామనుకుంటున్నాను. మీ తమ్ముడు ఆదివారాలు వచ్చి వెళతారు.

పర్చూరు నల్లరేగడిలో పుట్టినదాన్ని. మా ఊళ్ళో వానాకాలం కాలు పెడితే నేల వదలదు. ఇక్కడ ఏ కాలంలో పెట్టినా నేల నిలవదు. అయినా దిగిన రోజే బుల్లయ్య నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా తెచ్చి, పడవ కూలి తీసుకోనన్నాడు. మీ స్నేహితురాలు సుబ్బరావమ్మగారు గిన్నెడు చేపల పులుసు తెచ్చి, "పంతులుగారి కోడలివా? అయితే మా కోడలివే. తిను" అన్నారు. అంత కారం మా పర్చూరులో కూడా తినం. కళ్ళు తుడుచుకుంటూ తిన్నాను.

ఇల్లు చూస్తే దిగులేసింది. స్లాబు పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టి కనపడుతున్నాయి. తలుపులు మాత్రం గట్టివి. ఇప్పటికీ దిబ్బ మొత్తం మీద ఇంత ఎత్తు కట్టడం ఇదొక్కటే. వీధి వైపు ఆ బయటి మెట్లున్నాయి చూడండి, సగం వాకిలి అవే మింగేశాయి. ఆ నాపరాళ్ళ మీద ఎవరో పిల్లలు చేపలూ గవ్వలూ శిలువలూ చెక్కి పెట్టారు.

ఇల్లు మీ అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. మీరు సరేనంటే బాగు చేయించుకుంటాను. ఆడపడుచు మాట లేకుండా మేకు కూడా కొట్టను.

మీ
లిడియా


బ్రాడీపేట, గుంటూరు,
జూలై 4, 2024.

లిడియాకి,

వదిన దీవెనలు. చెవి మిషను డబ్బాలోనే ఉంది. పెట్టుకుంటే పక్క కోచింగు సెంటరులో చెప్పే పాఠాలన్నీ నాకే వినపడుతున్నాయి. రిటైరైన నర్సుని, ఇప్పుడు నాకు మెడిసిన్ సీటెందుకే?

నువ్వు దిబ్బ మీద ఉంటానన్నావని చదివి కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే. ఇల్లు కట్టి చూడమన్నారు గాని పాత ఇల్లు బాగుచేసి చూడమని ఎవరూ అనలేదు, అది ఇంకా కష్టమని వాళ్ళకి తెలుసు. నువ్వు చేస్తావు. మొండిదానివి.

సముద్రపు ఇసక గుప్పెడు కూడా గోడకి తాకనివ్వకు. ఏడు తిరక్కుండా ఉప్పు పూసి, పూత మొత్తం బొబ్బలెక్కి రాలిపోతుంది. పడవలో ఎన్ని విడతలైనా సరే, అవతల నుంచి మంచినీటి ఏటి ఇసకే తెప్పించు. వంటింటి కిటికీ పెద్దది చెయ్యి, మా అమ్మ ఆ పొగలోనే కళ్ళు పోగొట్టుకుంది. మిగతాదంతా నీ ఇష్టం.

మేడ మీదకి మాత్రం నన్ను రమ్మనకు. ఆ బయటి మెట్లు ఒక్కోటీ ఒక్కో గోడ. నాన్న ఎవరి కోసం కట్టాడో గాని నా మోకాళ్ళ కోసం మాత్రం కాదు. అవి ఉండగా నేను ఆ మేడ ఎక్కేది లేదు.

సుబ్బరావమ్మకి కూడా ఒక ముక్క రాస్తున్నాను, నిన్ను కనిపెట్టుకుని ఉండమని. ఇద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళం. పలక నాది, బలపం దానిది.

వదిన


గవ్వలదిబ్బ,
ఆగస్టు 18, 2024.

వదినగారికి,

పని మొదలైంది. చీరాల నుంచి మాలిక్ అనే మేస్త్రి వచ్చాడు. మంచి పనివాడు, కాకపోతే పడవంటే భయం. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు మూసుకుని దువా చదువుతాడు. బుల్లయ్య కావాలని పడవ కాస్త ఊపుతాడు.

ఏటి ఇసక బస్తాల్లో వచ్చింది. పడవ ఒడ్డుకి తగలగానే ఊరంతా వరస కట్టి చేతులు మార్చుకుంటూ ఇంటిదాకా మోశారు. టీ అయినా తాగమంటే "పంతులుగారింటికి మోసి టీ తాగుతామా" అన్నారు. మా ఊళ్ళో పత్తి బస్తా ఎత్తి పెట్టినా ముందు రేటు మాట్లాడుకుంటాం.

స్లాబు చువ్వలు మార్చాం. వంటింటి కిటికీ నా చేతులు బార చాపినంత వెడల్పుంది. అన్నం వండుతుంటే పడవలు కనిపిస్తాయి.

ఇక వీధి వైపు మీ కోసమని ఒక పని చేయిస్తున్నాను. ఏమిటో చెప్పను. మీరు వచ్చి చూడాల్సిందే. ఇదేమిటి టీచరమ్మా అని అడిగినవాళ్ళందరికీ "మా వదినగారి మాట ప్రకారమే" అని చెబుతున్నాను. మీ పేరు చెబితే ఇక్కడ మారు మాట్లాడరు.

మీ
లిడియా


బ్రాడీపేట,
సెప్టెంబరు 10, 2024.

లిడియాకి,

దీవెనలు. ఏం చేయిస్తున్నావో చెప్పకుండా చంపుతున్నావు. ఉయ్యాలబల్ల అయితే నాకొద్దు, తల తిరుగుతుంది.

సుబ్బరావమ్మకి రెండు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇదివరకు మనవడి చేత రాయించి వారంలో పంపేది. ఒంట్లో బాగానే ఉందా? ఒకసారి కనుక్కో.

కిటికీలకి కర్టెన్లు కుట్టించి పంపుతున్నాను. ఎర్రవి. బాగోలేదనకు.

వదిన


గవ్వలదిబ్బ,
అక్టోబరు 13, 2024.

దేవకుమారి గారికి,

సుబ్బరావమ్మగారు బాగానే ఉన్నారు. నన్ను చూస్తే మొహం తిప్పుకునేంత ఓపిక కూడా ఉంది. ఆవిడకి రెండు ఉత్తరాలు రాశానన్నారు. వాటిలో నా గురించి ఏం రాశారో తెలుసుకోవచ్చా?

నెల రోజులుగా ఈ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి లేడు. పిల్లలు బడికి వస్తున్నారు, పాఠం అవగానే వెళ్ళిపోతున్నారు. బుల్లయ్య పడవ కూలి చేతిలో పెట్టించుకుని లెక్క చూసుకుంటున్నాడు. నేనేం తప్పు చేశాను? దసరా సెలవులకి కూడా పర్చూరు వెళ్ళకుండా ఈ ఇంటికి సున్నం వేయించుకుంటూ కూర్చున్నాను.

మొన్న పొద్దున ఇంకో వింత. గాలి తిరిగి చల్లగా వీస్తోంది. ఊరి ఆడవాళ్ళంతా బిందెలతో నీళ్ళూ, కొబ్బరిపీచూ పట్టుకుని మన వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగరు. గోడ వంక చూస్తున్నారు. కడుక్కోవడానికి చోటు కావాలేమో అనుకుని దొడ్లోకి తీసుకెళ్ళి, కుళాయి విప్పి, "ఇక్కడ కడుక్కోండి" అన్నాను. ఒక ముసలావిడ కింద పరిచిన రాళ్ళ వంక చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బిందెల్లో నీళ్ళు ఏట్లో పారబోసుకుంటూ అందరూ వెళ్ళిపోయారు.

మీ కోసం ఏం చేయించానో ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ఉపయోగం లేదు. మీ మోకాళ్ళకి సరిపడవన్నారని ఆ బయటి మెట్లు పీకించాను. ఇంటి లోపల చిన్న చిన్న మెట్లు కట్టించి, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ పెట్టించాను. నాపరాళ్ళు పారేయడం ఎందుకని దొడ్లో బట్టలు ఉతుక్కునే చోట పరిపించాను. నా స్వార్థం కూడా కొంత ఉందిలెండి. మా ఊళ్ళో మేడ మీద మిరపకాయలు ఆరబోసి బయట మెట్లు వదిలేస్తే తెల్లారేసరికి సగం ఉండవు. వేసవిలో నాన్న పంపే కాయలు ఎండబెట్టుకోవచ్చనుకున్నాను.

ఇంత చేసినందుకు నాకు ఈ వెలి. పై ఊరిదాన్ని, పై ఊరిదానిగానే ఉంచాలని మీకు ఉంటే మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. బదిలీకి అర్జీ పెట్టుకుంటాను.

లిడియా


బ్రాడీపేట,
అక్టోబరు 18, 2024.

లిడియా,

నా గురించి ఎంత మాటన్నావు! సుబ్బరావమ్మకి నీ గురించి రాసింది ఒకే ఒక్క ముక్క. "మా మరదలు నోరు జాస్తి, మనసు మంచిది, చూసుకో." ఇదేనా చాడీ? పదేళ్ళకిందట టైఫాయిడ్ వస్తే నీ పక్కన కూర్చుని తడిగుడ్డలు వేసింది ఎవరు? అర్జీ పెట్టుకుంటావో, పడవెక్కి పారిపోతావో నీ ఇష్టం. కర్టెన్లు మాత్రం తిరిగి పంపించు.

అక్టోబరు 19, పొద్దున.

నిన్న కోపంలో నీ ఉత్తరం సగమే చదివాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని మళ్ళీ చదివాను. కాఫీ చల్లారిపోయింది.

లిడియా, ఎంత పని జరిగిందే తల్లీ.

ఆ మెట్లు మనవి కావు. ఇల్లు మనది, మెట్లు ఊరివి.

ఉప్పెన ఏడు నాకు పదిహేనేళ్ళు. ఆ రాత్రి సంగతి రాయను. దిబ్బ మీద చెట్టెక్కినవాళ్ళు మిగిలారు, ఎక్కలేనివాళ్ళు లేరు. తర్వాత చర్చి మిషను వాళ్ళ సాయంతో నాన్న ఈ మేడ కట్టిస్తుంటే, లోపలి నుంచి మెట్లు వేద్దామన్నాడు మేస్త్రి. నాన్న ఒప్పుకోలేదు. "లోపల మెట్లు వేస్తే నేను తలుపు తీయాలి. నేను ఊళ్ళో లేనిరోజు సముద్రం వస్తే? నాకే భయమేసి గడియ పెట్టుకుంటే?" అన్నాడు. అందుకని మెట్లు బయట వేయించాడు, తలుపు లేకుండా. ఇంటింటివాళ్ళూ పడవలో ఒక్కో రాయి తెచ్చుకుని, దాని మీద తమ ఇంటి గుర్తు చెక్కుకున్నారు. చేప బుల్లయ్యావాళ్ళది. గవ్వ సుబ్బరావమ్మది. పిల్లలు గీసిన పిచ్చిగీతలు కావు అవి.

ఏటా గాలి తిరగ్గానే ఎవరి మెట్టు వాళ్ళు కడుక్కుంటారు. కడిగాక పిల్లల్ని పైదాకా ఎక్కించి దింపుతారు, దారి కాళ్ళకి గుర్తుండాలని. మెట్లు లేకపోయినా ఆనవాయితీ తప్పకూడదని వచ్చినవాళ్ళకి నువ్వు కుళాయి చూపించావు. ఏ రాళ్ళు కడగడానికి వచ్చారో ఆ రాళ్ళ మీద నిలబెట్టి, బట్టలుతికే చోట.

నీకు నేను చెప్పలేదు. అన్నం చేత్తో తినాలని ఎవరైనా ఉత్తరం రాస్తారా? ఆ దిబ్బ మీద పుట్టినవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతని తట్టదు. ఊహ తెలియకముందే హాస్టలుకి పోయిన తమ్ముడికి ఈ సంగతే తెలియదు. పైగా నా మోకాళ్ళ గోల రాసి పెట్టాను. నువ్వేమో అందరికీ "మా వదినగారి మాట" అన్నావు. ఇక వాళ్ళేం అనుకుంటారు? పంతులుగారి కూతురే మెట్లు తీయించిందనుకున్నారు. సుబ్బరావమ్మ నాకెందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది. అది నీ మీద అలగలేదు, నా మీద అలిగింది.

గాలి తిరిగిందన్నావు. ఇక తుపానుల రోజులు. ఆ ఊరికి పైకెక్కే దారి లేదు. అర్జీ సంగతి తర్వాత, ముందు ఇంటింటికీ వెళ్ళు. నా పేరు చెప్పు, ఈసారి నిజంగా నా మాటే అని చెప్పు.

కర్టెన్లు ఉంచుకో.

వదిన


గవ్వలదిబ్బ,
నవంబరు 10, 2024.

వదినా,

మీ ఉత్తరం రేవులోనే విప్పి చదివాను. చదివి అక్కడే ఇసకలో కూలబడ్డాను. బుల్లయ్య పడవ దిగి వచ్చి, "ఏందమ్మా, ఎవరన్నా పోయారా?" అన్నాడు. ఆ నెల రోజుల్లో నాతో అతను అన్న మొదటి మాట అదే. "నేనే పోవాలి బుల్లయ్యా, తలెక్కడ పెట్టుకోను" అని మొత్తం చెప్పేశాను.

అతను తెడ్డు గీరుకుంటూ, "మాకేం తెలుసమ్మా. పంతులుగారి పిల్లే ఒద్దందనుకున్నాం. రాయి మాదేగాని గోడ మీ ఇంటిదేగా, దాని కోసం పోట్లాడతామా?" అన్నాడు.

ఇంటింటికీ వెళ్ళాను. పలకరించి పంపినవాళ్ళు కొందరు, తలుపు తీయనివాళ్ళు కొందరు. సుబ్బరావమ్మగారు వల బాగు చేసుకుంటూ తలెత్తలేదు. మీ ఉత్తరం తీసి ఉప్పెన సంగతి ఉన్న చోటు నుంచి పైకి చదివాను. "చెట్టెక్కినవాళ్ళు మిగిలారు" అన్న దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి. "దానికి మోకాళ్ళు అంతగా నొప్పులా?" అని అడిగారు. అవునన్నాను. "చెప్పొచ్చుగా ముండకి. మెట్ల మీద నేను ఎత్తుకుని తీసుకుపోనూ!" అన్నారు. ఉన్నదున్నట్టు రాశాను, ఏమీ అనుకోకండి.

మర్నాడు ఊరంతా గడ్డపారలతో వచ్చింది. ఎవరి రాయి వాళ్ళే దొడ్లోంచి లేపుకున్నారు. మాలిక్‌ని మళ్ళీ పిలిపిస్తే, "మేడమ్, పీకమంటే పీకితిని. ఒకే ఇంటికి రెండుసార్లు మెట్లు కట్టడం నేనెక్కడా చూళ్ళా" అని సణిగాడు. పడవలో చదివే దువా ఇప్పుడు పని మొదలుపెట్టేముందు కూడా చదువుతున్నాడు.

మెట్లు లేచాయి వదినా, ఒక్కటి తప్ప. అన్నిటికన్నా కింది రాయి పీకినప్పుడే రెండు ముక్కలైంది. ఆ ఇంటివాళ్ళు దిబ్బ వదిలి ఎప్పుడో నిజాంపట్నం వెళ్ళిపోయారట. ఆ చోట ఇసక బస్తాలు పెట్టాం. కొత్త రాయి కొంటానంటే సుబ్బరావమ్మగారు ఒప్పుకోలేదు. "మెట్టు కొనేది కాదు, తెచ్చుకునేది. ఎవరిదో వాళ్ళే తేవాల" అన్నారు. ఎవరిదని అడిగితే, "మరి నీకు ఇల్లు లేదా ఈ ఊళ్ళో?" అన్నారు.

మీరైతే దీనికి ఏమంటారు? మామగారింటికి ఎప్పుడూ మెట్టు లేదట కదా.

మీ
లిడియా


గవ్వలదిబ్బ,
డిసెంబరు 4, 2024.

వదినా,

మీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఆగకపోవడమే మంచిదైంది.

పర్చూరు వెళ్ళి మా నాన్న మిరప కల్లం దగ్గర కాళ్ళు కడుక్కునే నాపరాయి అడిగాను. "పిచ్చిదానా, చీర అడుగుతారు గాని రాయి అడుగుతారా" అన్నాడు, ఇచ్చాడు. మీ తమ్ముడు దాన్ని ఒంగోలు తీసుకెళ్ళి, దాని మీద తన చేత్తో మిరపకాయ చెక్కి తెచ్చారు. ఎలా ఉందని నన్నడిగారు. "ఆఁ, బానే ఉంది" అన్నాను. బడి పిల్లలు అది వంకాయని సగంమంది, చేపని సగంమంది వాదించుకున్నారు. తొడిమ చూపించి ఒప్పించాను.

రాయి బస్సులో, ఆటోలో, పడవలో వచ్చింది. కింది మెట్టుగా పెట్టాం. సుబ్బరావమ్మగారు దాని మీద నీళ్ళు పోసి పీచుతో తోమి, "చివర వచ్చినోళ్ళది కింది మెట్టు. చిన్నతనమనుకోమాక. దీని మీద కాలు పెట్టకుండా ఈ ఊళ్ళో ఎవరూ పైకి పోలేరు" అన్నారు.

పెట్టిన వారానికే వాయుగుండమన్నారు. శనివారం మధ్యాహ్నానికి సముద్రం రంగు మారింది. రేవు మునిగింది, నీళ్ళు వీధిలోకి వచ్చాయి. నేను మేడ మీద బిందెలతో మంచినీళ్ళు పెట్టి, మెట్ల పైన నిలబడి చూస్తున్నాను. అరుపుల్లేవు, తోపులాట లేదు. ముందు కడుపుతో ఉన్నవాళ్ళు, తర్వాత ముసలివాళ్ళు, తర్వాత పిల్లలు. ప్రతి కాలూ ముందు మిరపకాయ మీద పడి, అప్పుడు పైకి వచ్చింది. బుల్లయ్య తన పడవ తాడు మన వీధి కిటికీ చువ్వకి కట్టి చివర ఎక్కాడు. నాకు భయం వేయాల్సింది. నిజం చెబుతున్నాను, ఆ గాలిలో నిలబడి నేను సంతోషంతో వణికాను.

వాయుగుండం దక్షిణంగా తిరిగిపోయింది. చీకటి పడకముందే నీళ్ళు తీశాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక మేక మాత్రం దిగనని మేడ మీదే ఉంది. రాయితో పాటు నాన్న ఇచ్చిన ఎండుమిరపకాయలు మేడ మీదే మరిచాను, అందరూ కలిసి తొక్కేశారు. వండుకోవడానికి పనికిరావు. నాకేం బాధ లేదు.

లోపలి మెట్లు అలాగే ఉంచాను, కమ్మీతో సహా. అవి మీవి. బదిలీ అర్జీ పెట్టలేదు.

మీ
లిడియా


బ్రాడీపేట,
డిసెంబరు 10, 2024.

లిడియాకి,

దీవెనలు. సుబ్బరావమ్మ ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు తిట్టి, మూడో పేజీలో ఎప్పుడొస్తావని అడిగింది. వచ్చే శనివారం పొద్దుటి పడవకి రేవులో ఉంటాను. చెవి మిషను పెట్టుకునే వస్తాను, సముద్రం వినాలి. బుల్లయ్యని పడవ ఊపొద్దని చెప్పు, నేను దువా చదివే రకం కాదు, తెడ్డు లాక్కునే రకం.

మామగారింటికి మెట్టు లేదట కదా అన్నావు. లేదు. ఆ కొత్తలో, అంత ఎదిగిన పిల్లనై ఉండీ, నేను అందుకే ఏడ్చేదాన్ని. గాలి తిరిగిన రోజు అందరూ ఎవరి మెట్టు వాళ్ళు కడుక్కుంటుంటే నేను ఖాళీ బిందెతో నిలబడేదాన్ని. "ఇల్లే మనదైతే మెట్టెందుకే పిచ్చిపిల్లా" అనేవాడు నాన్న. ఆయనకి ఊరంతా చుట్టమే. నాకు మాత్రం ఒక రాయి కావాలనిపించేది. సుబ్బరావమ్మ జాలిపడి తన గవ్వలో ఓ మూల కడగనిచ్చేది.

నీ పెళ్ళిలో ఆడపడుచు లాంఛనమని నాకో చీర పెట్టారు మీవాళ్ళు. మంచి చీరే, ఎప్పుడో వెలిసిపోయింది. కాబట్టి ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను, సిగ్గుపడకుండా అడుగుతున్నాను. ఆ మిరపకాయ మెట్టులో సగం నాకివ్వు.

పైదాకా ఎక్కలేను గాని, దాన్ని కడగడానికి నా మోకాళ్ళు చాలు. కొబ్బరిపీచు నేనే తెచ్చుకుంటాను. నువ్వు బిందె నింపి ఉంచు.

వదిన